చెవులతో చదువుకున్న నాటకకర్త: చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడుగుతూ సంచిక కమిటీ పిల్లలు నాకు రెండు షరతులు పెట్టారు. "మాస్టారూ, పరీక్షకి పనికొచ్చేలా ఉండాలి. చదువుతుంటే నవ్వు రావాలి" అన్నారు. ఈ రెండూ ఒక్కచోట దొరకడం కష్టం. పరీక్షకు పనికొచ్చేవి చదువుతుంటే నిద్రొస్తుంది, నవ్వొచ్చేవి పరీక్షలో రావు. ఆలోచించగా ఆలోచించగా చిలకమర్తి వారు గుర్తొచ్చారు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పేరు మీకు కవి పరిచయం కింద తెలిసే ఉంటుంది. పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరం, రచనలు, బిరుదులు, అన్నీ కలిపి ఐదారు వాక్యాలు. రెండు మార్కుల ప్రశ్న. మేమూ అలాగే బట్టీ పట్టాం. "ఆంధ్రా మిల్టన్ అని ఎవరినందురు?" అంటే చెయ్యెత్తి చెప్పేవాళ్లం. ఆ మిల్టన్ ఎవరో, ఈయన్ని అలా ఎందుకన్నారో మాలో ఒక్కడికీ తెలియదు. ఆ ఐదారు వాక్యాల వెనకాల ఉన్న మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ఏరు దాటితే ఆయన ఊరు

ఆయన మనకు దూరపువారేమీ కాదు. రావులపాలెంలో తణుకు బస్సు ఎక్కి, వశిష్ఠ మీద సిద్ధాంతం వంతెన దాటితే పెరవలి మండలం వస్తుంది. ఆ మండలంలోని ఖండవల్లిలో 1867 సెప్టెంబరు 26న పుట్టారు. అది మేనమామల ఊరు. తండ్రి వెంకన్న గారు, తల్లి వెంకటరత్నమ్మ గారు. చిన్నతనం భీమవరం దగ్గర వీరవాసరంలో గడిచింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పదిహేనేళ్లే అయింది. కాలువలు కొత్త. ఎక్కడికి వెళ్లాలన్నా పడవే.

ఆయన పుట్టుకతోనే చూపు తక్కువవారు. పగలు మసక, పొద్దు గుంకితే రేచీకటి. ఇప్పుడైతే అలాంటి పిల్లవాడికి కళ్ల డాక్టరు, అద్దాలు, సర్టిఫికెట్టు, పరీక్షలో పక్కన కూర్చుని రాసిపెట్టే సహాయకుడు, ఇవన్నీ ఉన్నాయి. అప్పుడు ఇవేవీ లేవు. బల్ల మీద పంతులు రాసింది కనపడదు. సాయంత్రం దీపం దగ్గర పుస్తకం తీస్తే అక్షరం ఆనదు. అలాంటి కుర్రవాడు హైస్కూలు చదువు చదివి, రాజమండ్రిలో తెలుగు పండితుడిగా పనిచేసి, నాటకాలు, నవలలు, ప్రహసనాలు, పత్రికలు కలిపి అలమర నిండేటంత రచన ఎలా చేశాడు?

దీనికి జవాబు మన హాస్టలు పిల్లలకు చెప్పనక్కర్లేదు. ఎవరో చదివేవారు, ఆయన వినేవారు.

మేం ఉన్న రోజుల్లో పది మందికి ఒక సోషల్ పుస్తకం ఉండేది. స్టడీ అవర్‌లో ఒకడు గట్టిగా చదివేవాడు. మిగతావాళ్లు చుట్టూ చేరి వినేవాళ్లు. చదివేవాడి నోరు నొప్పెడితే పుస్తకం పక్కవాడికి వెళ్లేది. విచిత్రం ఏమిటంటే, పుస్తకం పట్టుకున్నవాడికన్నా మూల కూర్చుని కళ్లు మూసుకుని విన్నవాడికి ఎక్కువ మార్కులు వచ్చేవి. వాడు నిద్రపోతున్నాడని ట్యూటరు గారు సుద్దముక్క విసిరిన సందర్భాలూ ఉన్నాయి. చిలకమర్తి వారు జీవితమంతా ఆ మూల కూర్చున్నవాడు. ఒకసారి విన్నది మరిచిపోయేవారు కాదు. రాయవలసి వస్తే తాను చెబుతుంటే మరొకరు రాసేవారు. టాడ్ దొర రాసిన రాజపుత్రుల చరిత్ర ఆధారంగా "రాజస్థాన కథావళి" రాశారు. సంస్కృతంలోని భాసుని నాటకాలను తెలుగు చేశారు. ఆ గ్రంథాలను ఆయన ఎంతవరకు కళ్లతో చదివారో, ఎంతవరకు చెవులతో చదివారో ఊహించుకోండి.

ఇప్పుడు మిల్టన్ సంగతి. ఆయన పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు మహాకవి. నడివయసులో చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాతే తన పెద్ద కావ్యాన్ని నోటితో చెప్పి రాయించాడు. అందుకని చిలకమర్తి వారికి ఆ పేరు పెట్టారు. చారిత్రక నవలలు రాశారు కనక "ఆంధ్రా స్కాట్" అని ఇంకో పేరు కూడా పెట్టారు. మనవాళ్లు ఎవరు బాగా రాసినా వెంటనే ఒక ఇంగ్లీషువాడి పేరు తగిలించడం అప్పటి అలవాటు. ఇంగ్లండులో ఎవరినైనా "ఇంగ్లీషు చిలకమర్తి" అన్నారేమో నాకైతే తెలియదు.

ఇరవైమూడేళ్ల కుర్రవాడు, కృష్ణార్జునుల తగువు

తెలుగువారికి పూర్వం నుంచి వీధి భాగోతాలు, తోలుబొమ్మలాటలు ఉన్నాయి గాని, తెర కట్టి, రంగాలు మార్చి ఆడే నాటకం కొత్త. 1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి ఒక నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లింది. వాళ్లు వేసిన పాక ఖాళీగా ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఊరుకుంటారా? తన విద్యార్థులకు వేషాలు కట్టించి అందులోనే తెలుగు నాటకం ఆడించారు. వకీళ్ల మోసాల మీద, లంచగొండి ఉద్యోగుల మీద ప్రహసనాలు రాసి ఆడించారు. అలా రాజమండ్రి కుర్రకారుకు నాటకాల పిచ్చి పట్టింది.

ఆ పిచ్చి పట్టినవారిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఒకరు. ఆయన ఒంగోలులో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఒక పేద విద్యార్థిని చేరదీసి, రాజమండ్రి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నారు. ఆ కుర్రవాడు చదువుకుంటూ నాటకాల్లో వేషాలు కట్టేవాడు, ఆడవేషాలు కూడా. పేరు టంగుటూరి ప్రకాశం. అవును, తర్వాత ముఖ్యమంత్రి అయిన ఆంధ్రకేసరే. ఇంకొకరి ఇంట్లో అన్నం తిని చదువుకున్నవాళ్ల జాబితాలో ఆయన పేరు కూడా ఉంది, మరిచిపోకండి.

ఈ నాటక సమాజానికి నాటకాలు కావాలి. చిలకమర్తి వారిని అడిగారు. 1889లో "కీచకవధ" రాశారు, అది వచన నాటకం. ఆ మరుసటేడు, 1890లో, "గయోపాఖ్యానం". రాసేనాటికి ఆయనకు ఇరవైమూడేళ్లు.

కథ చిన్నది. గయుడనే గంధర్వుడు తాంబూలం నములుతూ ఆకాశంలో పోతూ కిందికి ఉమ్ముతాడు. కింద యమునలో శ్రీకృష్ణుడు దోసిలి పట్టి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు. ఆ ఉమ్మి సరిగ్గా ఆ దోసిట్లో పడుతుంది. మన భాషలో చెప్పాలంటే, మేడ మీది నుంచి కంచం కడిగిన నీళ్లు పారబోస్తే అవి పోయి కింద వార్డెన్ గారి మీద పడ్డట్టు. కావాలని చేసింది కాదు. కాని పడింది మామూలు చోట కాదు. గయుణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు లోకాలన్నీ తిరుగుతాడు. కృష్ణుడి పేరు చెప్పగానే ఎవరూ తలుపు తియ్యరు. నారదుడు ఒక ఉపాయం చెబుతాడు: అర్జునుడి దగ్గరికి పో, కాని శత్రువు ఎవరో ముందు చెప్పకు, ముందు అభయం పుచ్చుకో. గయుడు అలాగే చేస్తాడు. అర్జునుడు వెనకాముందూ చూడకుండా మాట ఇచ్చేస్తాడు. ఆ తర్వాత, చంపుతానన్నది తన బావ కృష్ణుడే అని తెలుస్తుంది.

ఇక అక్కడినుంచి అసలు నాటకం. ఇద్దరికీ మాట తప్పడం కుదరదు. రాయబారాలు నడుస్తాయి. సుభద్ర ఒకవైపు మొగుడు, ఒకవైపు అన్నగారు, మధ్యలో నలిగిపోతుంది. చివరికి యుద్ధరంగంలో ఇద్దరూ ఎదురుపడతారు. బాణాలకన్నా ముందు మాటలు పడతాయి. జనం టిక్కెట్టు కొనేది ఈ మాటల కోసమే. కృష్ణుడు దేవుడని అందరికీ తెలుసు, అర్జునుడికీ తెలుసు. అయినా కోపంలో అతను దేవుడి చిట్టా అంతా విప్పుతాడు. అల్లుణ్ణి రమ్మని మామ పిలిస్తే, వెళ్లి ఆ మామనే చంపి వచ్చిన ఘనుడివి కావా అని మొదలుపెట్టి దెప్పుతాడు. భాగవతంలో అది కంసవధ, చాలా గొప్ప ఘట్టం. అదే సంగతిని బావమరిది నోట పెట్టి తిప్పి చెప్పేసరికి, పిలిచినింటికి వెళ్లి పెద్దవాణ్ణి చంపినట్టు వినిపిస్తుంది! సంగతి మారలేదు, చెప్పిన పద్ధతి మారింది. చిలకమర్తి వారి చమత్కారం ఎక్కడుందంటే ఇక్కడుంది. కొత్తగా ఏదీ కల్పించరు. మనకు తెలిసినదాన్నే వెల్లకిలా తిప్పి చూపిస్తారు. ఇటు అర్జునుడి గుట్టు మాత్రం తక్కువా? దొంగ సన్యాసి వేషం, పేడి వేషం అన్నీ ఉన్నాయి కదా.

మన లంకల్లో గట్టు తగువులు చూసినవాళ్లకి ఈ రంగం కొత్త కాదు. గట్టు మీద కొబ్బరిచెట్టు నీదా నాదా అని మొదలైన తగువు, గంట గడిచేసరికి తాతల పెళ్లిళ్ల దాకా పోతుంది. ఆ సందట్లో అసలు కాయ ఎవరు దింపారో అందరూ మరిచిపోతారు. ఈ నాటకంలోనూ అంతే. ఉమ్మిన గయుడు ఒక మూల బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంటాడు. బావాబావమరుదులు కొట్టుకుంటుంటారు. ఇద్దరిలో ఎవరిది తప్పు అంటే చెప్పలేం. ఇద్దరిదీ న్యాయమే. దుర్మార్గుడు లేకుండా తెల్లవార్లూ నాటకం నడపడం ఎంత కష్టమో రాసినవాడికి తెలుస్తుంది.

ఇంకో మాట. అప్పట్లో మైకులు లేవు. దీపాల వెలుగులో ఎదరి నాలుగు వరసలకి తప్ప నటుడి ముఖం కనపడదు. వెనక చాప మీద కూర్చున్నవాడికి చేరేది గొంతు ఒక్కటే. అంటే ఆ ప్రేక్షకుడూ చిలకమర్తి వారిలాంటివాడే, చెవితో చూడాలి. తన చెవికి ఆనిన మాటే ఆయన నాటకంలో పెట్టారు. అందుకే కాబోలు అక్షరం రానివారు కూడా ఆ పద్యాలను నోటికి పట్టారు. మా ఊరి తీర్థంలో ఈ నాటకం ఆడితే, పద్యం మధ్యలో నటుడు తడబడ్డ చోట ప్రేక్షకుల్లోంచి ఒక తాత అందించడం నేను విన్నాను. ఆయన కల్లుగీత మనిషి. బడికి వెళ్లినవాడు కాదు.

గయోపాఖ్యానం ప్రతులు లక్షకు పైగా అమ్ముడయ్యాయని చెబుతారు. ఆ కాలంలో తెలుగు చదవగలిగినవారి సంఖ్యతో పోల్చి చూస్తే అది ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది. 1963లో వచ్చిన "శ్రీకృష్ణార్జున యుద్ధము" సినిమా మీలో కొందరు టీవీలో చూసి ఉంటారు. ఎన్.టి.ఆర్. కృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు. కథ ఇదే.

తర్వాత ఆయన పారిజాతాపహరణం, ప్రసన్నయాదవం, నలచరిత్ర వంటి నాటకాలు రాశారు. "చింతామణి" పత్రిక నవలల పోటీలో రామచంద్రవిజయం, హేమలత, అహల్యాబాయి వంటి నవలలకు బహుమతులందుకున్నారు. ఇవన్నీ మీ కవి పరిచయంలో ఉంటాయి, అక్కడ చదువుకోండి.

పకోడీ, గాడిద చదువు, ఆవు

నవ్వు రావాలన్నారు కదా. చిలకమర్తి వారికి పకోడీలంటే ప్రాణం. దాని మీద కంద పద్యాలు చెప్పారు. ఒక పద్యంలో సంగతి ఇది: పూర్వం బ్రాహ్మణులందరూ కలిసి బ్రహ్మదేవుడి దగ్గరికి వెళ్లి, మాకు కూడా కోడిని తినడానికి సెలవు ఇప్పించండని వేడుకున్నారట. బ్రహ్మ ఆలోచించి, కోడి వద్దు గాని, దానికి బదులు పకోడీ తినండి అని తీర్పు చెప్పాడట. కోడి, పకోడి! ఒక అక్షరం ముందు చేర్చి బ్రహ్మ ఎంత తేలిగ్గా తప్పించుకున్నాడో చూడండి. మన మెస్సులో ఆదివారం కోడి బదులు పకోడీ పెడితే ఏం జరుగుతుందో బ్రహ్మకు తెలియదు. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. ఆయన బ్రాహ్మణుడు. నవ్వింది తన కులంవారి నోటి చాపల్యం మీదే.

1920లో వచ్చిన "గణపతి" నవలలోనూ అదే పద్ధతి. చదువు అబ్బని, తిండి యావ తప్ప మరేదీ లేని ఒక బ్రాహ్మణ కుర్రవాడి కథ. చదువుతుంటే పగలబడి నవ్వుతాం. పుస్తకం మూసేశాక మాత్రం, ఆ పిల్లవాణ్ణి చదువుకు దూరం చేసిందెవరు అని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. గణపతి మీద నవ్వినంతగా గణపతిని అలా తయారుచేసిన పెద్దల మీద కూడా ఆయన నవ్వారు. ఆయన ప్రహసనాల్లో ఎక్కువగా దెబ్బ తినేవాళ్లు కూడా అన్నీ తెలుసనుకునే పెద్దమనుషులే.

హాస్యం అంటే కడుపు నింపుకొనే వ్యవహారమే కాదని 1907లో తేలింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ వందేమాతరం ఉద్యమ ప్రచారానికి రాజమండ్రి వచ్చారు. ఆయన ఇంగ్లీషులో గంటల తరబడి మాట్లాడేవారు. ఆ ఉపన్యాసాలను జనానికి తెలుగులో చెప్పినవారు చిలకమర్తి వారు. కాగితం చూసి చదవడం కాదు, విని చెప్పడం. ఆ పని చేయడానికి ఆ ఊళ్లో ఆయనకన్నా తగినవారు ఎవరుంటారు?

ఆ సందర్భంలో చెప్పినదే భరతఖండాన్ని పాడి ఆవుతో పోల్చిన ప్రసిద్ధ పద్యం. పద్యం మీకు వచ్చు, భావం ఒకసారి చూద్దాం. దేశం ఒక మంచి పాడి ఆవు. మనవాళ్లు దాని దూడలు, ఆకలితో ఏడుస్తున్నాయి. తెల్లవాళ్లు గడుసు గొల్లలు. దూడల మూతులు బిగించి కట్టి పాలన్నీ పిండుకుంటున్నారు. నాలుగు పాదాల్లో పన్నులు, ఎగుమతులు, కరువు, నోరెత్తనివ్వని చట్టాలు అన్నీ వచ్చేశాయి. అర్థశాస్త్రం తెలియని రైతుకు కూడా దూడ మూతికి చిక్కం అంటే ఏమిటో తెలుసు. ఆ రోజుల్లో వందేమాతరం అన్నందుకు రాజమండ్రి కళాశాలలో విద్యార్థులను శిక్షించారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కళాశాల నుంచి పంపేశారు. కాని ఒక పద్యాన్ని కళాశాల నుంచి ఎవరు పంపగలరు? అది నోటి నుంచి నోటికి జిల్లాలు దాటిపోయింది.

ఈ పద్యం పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఇంకో ఆలోచన కూడా వస్తుంది. దొడ్లో ఆ చిక్కం కట్టేదెవరు? పాలేరు. పొద్దున్నే లేచి కసవు ఊడ్చి, దూడని లాగి కట్టి, పాలు పితికి, చెంబు గుమ్మంలో పెట్టి, తాను గంజి తాగేవాడు పాలేరు. మా తాత ఆ పని చేశాడు. పద్యంలో ఆవుంది, దూడలున్నాయి, గొల్లలున్నారు. మా తాత ఎక్కడున్నాడు?

రామమోహన పాఠశాల

చిలకమర్తి వారి మీద ఇన్ని మాటలు రాయడానికి నాకు అసలు కారణం 1909లో ఉంది. ఆ సంవత్సరం ఆయన రాజమండ్రిలో దళితుల పిల్లల కోసం ఒక బడి పెట్టారు. దానికి రాజా రామమోహనరాయ్ పేరు పెట్టారు. పదేళ్లకు పైగా నడిపారు.

ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. ఆ కాలాన్ని ఒకసారి తలుచుకోండి. పంచములని పిలిచే మన పిల్లలకు ప్రభుత్వం అక్కడక్కడ బళ్లు పెట్టింది, క్రైస్తవ మిషనరీలు అంతకన్నా ముందే పెట్టారు. కాని ఊరి బడిలో మామూలు పిల్లల పక్కన మన పిల్లవాడు కూర్చోవడం కాగితం మీద తప్ప ఎక్కడా జరిగేది కాదు. అరుగు కింద, ఎండలో నిలబడి విన్నవాళ్లు అదృష్టవంతులు. మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనరు అనే అధికారిని పెట్టి అణగారిన కులాల బళ్లు, ఇళ్లస్థలాల పని అప్పగించింది 1920 ప్రాంతంలో. ఆ శాఖ పనే పేర్లు మారుతూ హరిజన సంక్షేమం అయింది, తర్వాత సాంఘిక సంక్షేమం అయింది. మన హాస్టలు బోర్డు మీది పేరు అక్కడి నుంచి వచ్చిందే. దానికి పదేళ్లు ముందే చూపు సరిగా లేని ఒక తెలుగు పండితుడు, తన కులంవారి మధ్యన ఉంటూ, ఈ బడి పెట్టాడు. అదే కాలంలో కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పిఠాపురం మహారాజా గారి సాయంతో దళిత విద్యార్థులకు తిండి, వసతి చూశారు. మన హాస్టళ్లకు అవి తాతల్లాంటివి.

ఆయనకే ఎందుకు తోచింది అన్నది నా ప్రశ్న. అప్పుడు రాజమండ్రిలో కళ్లున్న పండితులు చాలామంది ఉన్నారు. పక్కవాడు చదివి వినిపిస్తే తప్ప అక్షరం అందని బాధ ఆయన చిన్నప్పుడే పడ్డారు. బల్ల మీద ఏం రాశారో తెలియకుండా బడిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అసలు బడిలోకే రానివ్వని పిల్లవాడి సంగతి దాన్నిబట్టి ఊహించుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, పరీక్షలో రాయకండి. పరీక్షకు వీరేశలింగం గారి ప్రభావం, బ్రహ్మసమాజ ప్రభావం అని రాయండి. అవీ నిజమే.

అయితే ఒక మాట దాచకూడదు. ఆయనకు పేరు తెచ్చిన నాటకాల్లో కృష్ణుడున్నాడు, అర్జునుడున్నాడు, నలుడున్నాడు. మనం లేము. ఆయన బడిలోకి మనల్ని పిలిచారు గాని, రంగస్థలం మీదికి పిలవలేదు. రాజులకి, దేవతలకి తప్ప కూలివాడికి పద్యం పెట్టవచ్చని ఆ తరంలో చాలామందికి తట్టలేదు. దానికి ఆయన్ని బోనెక్కించనక్కర్లేదు, చెప్పకుండా మానెయ్యనూ అక్కర్లేదు.

ఆ లోటు తీర్చడానికి మనిషి మన కోనసీమలోనే పుట్టాడు. మామిడికుదురులో 1911లో, అంటే చిలకమర్తి వారు బడి పెట్టిన రెండేళ్లకు, దళిత కుటుంబంలో బోయి భీమన్న గారు పుట్టారు. 1940లో ఆయన "పాలేరు" నాటకం రాశారు. గయోపాఖ్యానానికి సరిగ్గా యాభై ఏళ్లు. దొడ్లో దూడలు కట్టే పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అయి తిరిగొచ్చే కథ. ఊళ్లలో ఆ నాటకం చూసి పిల్లల్ని పశువుల దగ్గర మాన్పించి బడిలో వేసిన తల్లిదండ్రులున్నారని పెద్దలు చెప్పేవారు. మా నాన్నని బడిలో వేసింది ఆ నాటకం చూశాకేనని మా నాన్నమ్మ చెప్పేది. ఆవిడ నాటకం పేరు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, "ఆ పాలేరోడి ఆట" అనేది. భీమన్న గారికి తర్వాత కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, పద్మభూషణ్ వచ్చాయి. 2005లో పోయారు. ఆయన గురించి వచ్చే సంచికలో ఎవరైనా విడిగా రాయాలి.

ఇక చిలకమర్తి వారి చివరి రోజులు. ఉన్న కాస్త చూపూ వయసుతో పోయింది. స్వీయచరిత్రను చెప్పి రాయించారు. డెబ్బై ఏళ్లు దాటాక, ఎప్పుడో చిన్నప్పటి ఊళ్లు, పంతుళ్లు, పడవ ప్రయాణాలు, నాటకాల రాత్రులు అన్నీ నిన్న జరిగినట్టు చెప్పిన పుస్తకం అది. గోదావరి జిల్లాల పాత జీవితం తెలుసుకోవాలంటే దాన్ని మించింది తక్కువ. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1946 జూన్ 17న కన్నుమూశారు. స్వాతంత్ర్యం ఇంకా ఏడాది దూరంలో ఉంది. దూడల మూతి కట్లు విప్పడం ఆయన వినలేదు.

ఈసారి వార్షికోత్సవానికి కృష్ణార్జున సంవాదం రంగం ఒక్కటైనా వేద్దామని తొమ్మిదో తరగతివాళ్లు సరదా పడుతున్నారు. కృష్ణుడు, అర్జునుడు ఇద్దరూ దొరికారు, గొంతులు బాగున్నాయి. గయుడి వేషానికే ఎవరూ ముందుకు రావడం లేదు. మెస్సు దగ్గర కిళ్లీ నములుతూ దొరికిపోయిన ఒక తమ్ముడు ఉన్నాడు, అతన్ని అడగమన్నాను. వచ్చే ఏడాది "పాలేరు" మొత్తం వెయ్యాలని ఉంది. నాటకం ప్రతి ఎక్కడా దొరకడం లేదు. పాత విద్యార్థుల్లో ఎవరి ఇంట్లోనైనా, ఏ ట్రంకు పెట్టె అడుగునైనా ఉంటే, చిరిగినదైనా ఫర్వాలేదు, హాస్టలు లైబ్రరీకి పంపండి. ఒక్క ప్రతి చాలు. మిగతావాళ్లం చుట్టూ కూర్చుని వింటాం.